బైబిల్ స్టడీ గ్రూప్ నడపాలంటే పాస్టరే అయ్యుండాలా?

అక్కర్లేదు, బైబిల్ కాలేజీలో చదవనివాళ్లు కూడా నడపొచ్చు, ఎందుకంటే అక్కడ లీడర్ పని ప్రసంగం చెయ్యడం కాదు, అందరూ వాక్యం సొంతంగా చదివి మాట్లాడేలా చూడటం. అందుకే లంచ్ బ్రేక్‌లో అయినా, వాకింగ్‌లో అయినా కుదురుతుంది. ఉదాహరణకి లూకా 10:30-37, మంచి సమరయుడి కథ తీసుకోండి, దొంగల చేతిలో దెబ్బలు తిని దారిలో పడున్న మనిషిని యాజకుడు, లేవీయుడు (గుడిలో సేవ చేసేవాడు) చూసి దాటిపోతే, యూదులకి పడని సమరయ జాతివాడు ఆదుకుంటాడు, దాన్ని దెబ్బలు తిన్న మనిషి, యాజకుడు, లేవీయుడు, సమరయుడు అని పాత్రలు పంచుకుని చదివి, ఆ పాత్రకి అప్పుడు ఏమనిపించి ఉంటుందో ఒక్కొక్కరూ చెప్పాలి, తర్వాత ఈ వారం మనం ఎవర్ని చూసీ చూడనట్టు దాటిపోయాం అని అడగండి, అసలు యేసు కూడా ఆ కథ చివర ఈ ముగ్గురిలో పొరుగువాడు ఎవరని ఎదురు ప్రశ్నే వేశారు కదా. చాలామంది బైబిల్ స్టడీని క్రియేటివ్‌గా నడపడం అంటే గేమ్స్, వీడియోలు అనుకుంటారు, అవి లేకపోయినా పర్లేదు గానీ ముందు వచనంలో ఏముందో చూడకుండా చర్చలోకి దూకితే ఎవరికి తోచిన అర్థం వాళ్లు చెప్పుకోవడమే అవుతుంది.