మొదటిసారి క్లాసు చెప్పబోతున్నారా?

అమెరికాకి చదువుకోడానికి వచ్చి, టీచింగ్ అసిస్టెంట్‌షిప్ దొరికినవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే: "నా యాస ఇక్కడి విద్యార్థులకి అర్థమవుతుందా?" అర్థమవుతుంది. కాస్త నిదానంగా మాట్లాడండి, కొత్త పదం వచ్చినప్పుడల్లా బోర్డు మీద రాయండి. కొన్నాళ్లకి వాళ్ల చెవులు మీ మాటకి అలవాటు పడతాయి. యాస గురించి టెన్షన్ పడాల్సింది అంతకు మించి లేదు.

అసలు కష్టం వేరే చోట ఉంది. మనం చెప్పేది వాళ్లకి అర్థమవుతోందా అని బెంగపడతాం కానీ, వాళ్ల బుర్రలో ఏముందో మనకి తెలుస్తోందా అని ఆలోచించం. నేను చాలా ఏళ్లుగా ఇక్కడ ఒక కమ్యూనిటీ కాలేజీలో, అంటే ఊళ్లోవాళ్ల కోసం నడిచే రెండేళ్ల కాలేజీలో, స్టాటిస్టిక్స్ చెబుతున్నాను. నా పద్ధతి అంటూ ఏదైనా ఉంటే అది ఈ రెండో ప్రశ్న నుంచే పుట్టింది.

ఒక ఉదాహరణ చెబుతాను. వందమందిలో ఒకరికి ఉండే జబ్బు ఒకటి ఉందనుకోండి. దాన్ని పట్టుకునే పరీక్ష జబ్బున్నవాళ్లలో 99 శాతం మందికి పాజిటివ్ అని, లేనివాళ్లలో 99 శాతం మందికి నెగెటివ్ అని సరిగ్గా చెబుతుంది. ఒకతనికి పాజిటివ్ వచ్చింది. అతనికి నిజంగా జబ్బు ఉండే అవకాశం ఎంత? సూత్రం రాసి లెక్క చేసి చూపిస్తే అయిదు నిమిషాల్లో అయిపోతుంది. అందరూ తలూపుతారు, నోట్సు రాసుకుంటారు, ఎవరికి ఏం అర్థమైందో మీకు మాత్రం తెలియదు.

నేను సూత్రం ముందు చెప్పను. ఎవరి జవాబు వాళ్లని కాగితం మీద రాయమంటాను. ఎక్కువమంది 99 శాతం అని రాస్తారు. ఆ జవాబు ఎందుకు రాశారో పక్కవాళ్లకి చెప్పి ఒప్పించమంటాను. ఆ వాదనలు వింటూ బల్లల మధ్య తిరగడం నా క్లాసులో నాకు అన్నిటికంటే ఇష్టమైన పని. ఆ తర్వాత పదివేల మందిని ఊహించుకోమంటాను. జబ్బున్నవాళ్లు 100 మంది, వాళ్లలో పాజిటివ్ వచ్చేది 99 మందికి. జబ్బు లేనివాళ్లు 9,900 మంది, వాళ్లలో పొరపాటున పాజిటివ్ వచ్చేదీ 99 మందికే. అంటే అవకాశం సరిగ్గా సగం. తన చేత్తో 99 అని రాసినవాళ్లు ఆ సగాన్ని అంత తేలిగ్గా మర్చిపోరు. ఇలా ఆలోచించి, చర్చించి, మళ్లీ జవాబు చెప్పించే పద్ధతిని హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ 1990లలో 'పీర్ ఇన్‌స్ట్రక్షన్' పేరుతో ప్రచారంలోకి తెచ్చారు. ఏ సబ్జెక్టుకైనా పనికొస్తుంది.

ప్రశ్న అడిగాక ఆగడం నేర్చుకోండి. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970లలో స్కూలు క్లాసుల్ని గమనించి, టీచర్లు ప్రశ్న వేశాక సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని చూపించారు. మూడు సెకన్లో ఇంకాస్త ఎక్కువో ఆగితే జవాబులు పెద్దవయ్యాయి, మామూలుగా నోరు విప్పనివాళ్లు కూడా మాట్లాడారు. "ఎనీ క్వశ్చన్స్?" అని అడిగి వెంటనే ముందుకి వెళ్లిపోకండి. "ఈ లెక్కలో ఎక్కడ తడబడే అవకాశం ఉంది?" అని అడిగి చూడండి, చేతులు లేస్తాయి.

ఇక్కడి పిల్లలు మిమ్మల్ని పేరు పెట్టి పిలుస్తారు, కాళ్లు చాపుకుని కూర్చుంటారు. దాన్ని అమర్యాద అనుకోకండి. పిల్లలు అంటున్నానే గానీ, కమ్యూనిటీ కాలేజీలో నాకంటే పెద్దవాళ్లు, రాత్రి షిఫ్టు చేసి నేరుగా క్లాసుకొచ్చినవాళ్లు, చంటిబిడ్డ తల్లులు కూడా ఉంటారు. అందుకే మొదటి రెండు వారాల్లో ప్రతి ఒక్కరినీ ఒక్క అయిదు నిమిషాలు ఆఫీస్ అవర్స్‌కి, అంటే క్లాసు బయట విద్యార్థుల్ని కలవడానికి పెట్టుకున్న సమయానికి, రమ్మంటాను, దాన్ని ఒక అసైన్‌మెంట్‌గానే ఇస్తాను. ఏం పని చేస్తున్నారు, లెక్కలంటే ఎక్కడ భయం అని అడుగుతాను. ఒకసారి ఆ గుమ్మం తొక్కినవాళ్లు పరీక్షకి ముందు మళ్లీ వస్తారు.

చట్టాలు కొన్ని తెలిసి ఉండాలి. 1974 నాటి ఫెర్పా (విద్యార్థి రికార్డుల గోప్యత) చట్టం కింద విద్యార్థి మార్కులు అతని సొంత విషయం. తండ్రి ఫోన్ చేసి అడిగినా మీరు చెప్పకండి, రిజిస్ట్రార్ ఆఫీసుకి పంపండి. దిద్దిన పేపర్ల కట్టను బల్ల మీద పెట్టి ఎవరిది వాళ్లని వెతుక్కోమనడం కూడా మానండి. డిజెబిలిటీ ఆఫీసు నుంచి ఫలానా విద్యార్థికి పరీక్షలో అదనపు సమయం ఇవ్వమని లెటర్ వస్తే ఇవ్వండి. జబ్బేమిటని అడగకండి. చట్టం సంగతి అలా ఉంచినా, తన బలహీనత నలుగురిలో బయటపడుతుందని భయపడే మనిషి మీ ముందు తప్పు జవాబు చెప్పే ధైర్యం చేయరు. తప్పు జవాబు వినకపోతే మీకు నేర్పే దారి దొరకదు.

కాపీ కొట్టారని అనుమానం వస్తే కోపంతో మెయిల్ రాయకండి. విడిగా పిలిచి రెండు స్టెప్పులు వివరించమనండి. అనుమానం నిజమని తేలితే మీలో మీరే పరిష్కరించుకోకుండా కాలేజీ నియమం ప్రకారం పైకి తెలియజేయండి.

నాలుగో వారం వచ్చేసరికి అందరికీ ఒక తెల్లకాగితం ఇచ్చి, పేరు రాయకుండా, మీ క్లాసులో ఏది ఉపయోగపడుతోంది, ఏది మార్చాలి అని రాయమనండి. సెమిస్టర్ చివర్లో వచ్చే ఫీడ్‌బ్యాక్ ఆ బ్యాచ్‌కి అక్కరకు రాదు. ఆ కాగితాలన్నీ చదివి, తర్వాతి క్లాసు మొదట్లోనే ఏం మారుస్తున్నారో చెప్పండి. మార్చనివి ఎందుకు మార్చడం లేదో కూడా చెప్పండి.