పది తర్వాత టైల్స్ పని: ముందు కోర్సా, మేస్త్రీయా?

ప్రశ్న: మా అబ్బాయికి 18 నిండాయి. పది పాసై ఇంటర్ మధ్యలో మానేశాడు. టైల్స్ పని నేర్చుకుంటానని పట్టుబట్టాడు. మేస్త్రీ దగ్గర పెట్టాలా, కోర్సులో చేర్చాలా? తర్వాత గల్ఫ్ పంపొచ్చా? – ఒక తండ్రి, జగిత్యాల జిల్లా

జవాబు: రెండూ కావాలండీ. ముందు కోర్సు, ఆ తర్వాత మేస్త్రీ. నేరుగా మేస్త్రీ దగ్గర చేరితే మాలు కలపడం, టైల్స్ మోయడంతోనే నెలలు గడిచిపోతాయి. చెయ్యి తిరుగుతుంది గానీ, ఎందుకలా చేయాలో చెప్పేవాళ్లుండరు.

కోర్సుల్లో 'మేసన్ టైలింగ్' అని అడగండి. అది జాతీయ నైపుణ్య అర్హతల్లో 4వ స్థాయి. మాదాపూర్‌లోని నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ (న్యాక్) నిర్మాణ పనుల్లో శిక్షణ ఇస్తుంది. టైల్స్ బ్యాచ్ ఎప్పుడో అక్కడ కనుక్కోండి. ఏడాది ఆగగలిగితే ఐటీఐలో మేసన్ ట్రేడు ఉంది. గోడ కట్టడం, ప్లాస్టరింగ్ కూడా వస్తాయి కాబట్టి పునాది గట్టిపడుతుంది.

చేర్చే ముందు శిక్షణ ఇచ్చేవాళ్లను ఒక్క మాట అడగండి: విట్రిఫైడ్ టైల్‌ను (గాజులా గట్టిపడేలా కాల్చిన టైల్) దేనితో అతికిస్తారు? బాత్రూం గోడకు వేసే మామూలు సిరామిక్ టైల్ నీళ్లు బాగా పీలుస్తుంది. అందుకే నానబెట్టి సిమెంటు పాలతో అతికిస్తే పట్టుకుంటుంది. విట్రిఫైడ్ పీల్చేది అర శాతం కూడా ఉండదు. సిమెంటు పాలు దాన్ని పట్టుకోలేవు, కొన్నాళ్లకు డొల్ల మోగుతుంది. దానికి పాలిమర్ కలిసిన అడ్హెసివ్ కావాలి. అదీ నాలుగు మూలలా, నడిమధ్యా ముద్దలు పెట్టి అతికిస్తే కింద ఖాళీలు మిగిలి, బరువు పడ్డచోట పగులుతుంది. అడ్హెసివ్ అంతటా పరిచి, పళ్ల తాపీతో (అంచుకు పళ్లున్న తాపీ) గీతలు ఒకే దిక్కుకు లాగాలి. పెద్ద టైలైతే వెనకాల కూడా పలచగా పూయాలి. అడ్హెసివ్ పైపొర ఆరిపోయాక టైల్ పెడితే ఎంత కొట్టినా అతకదు. మధ్యమధ్యలో ఒక టైల్ లేపి వెనక చూసే అలవాటు మొదటి రోజు నుంచే చేయించాలి.

అసలు పనితనం ఏ టైల్ ఎక్కడ పడాలో ముందే కొలిచి, గీతలు గీసి పెట్టుకోవడంలో ఉంటుంది. 10×12 అడుగుల గదికి 600 మి.మీ. టైల్ అనుకోండి. దాన్ని 2×2 అంటారు గానీ ఒక్కోటి 3.87 చదరపు అడుగులే. ఆ లెక్కన 31 చాలనిపిస్తుంది. ఒక గోడ నుంచి మొదలుపెడితే 10 అడుగుల వైపు అయిదు నిండు టైల్స్ పడి, అవతల గోడ దగ్గర 5 సెం.మీ. కూడా లేని పట్టీ మిగులుతుంది. చూడ్డానికి బాగుండదు, కోస్తుంటే విరుగుతుంది. నడి గీత నుంచి సర్దితే రెండు గోడల దగ్గరా 32 సెం.మీ. ముక్కలు వస్తాయి. అవి సగం కంటే పెద్దవి, కనుక ఒక్కో ముక్కకు ఒక్కో టైల్ పోతుంది. అంటే 10 అడుగుల వైపు 6, 12 అడుగుల వైపు 7, మొత్తం 42. నాలుగేసి ఉండే పెట్టెలు 11 కావాలి. మిగిలిన ముక్కలు వృథా కావు, 4 అంగుళాల స్కర్టింగ్‌కు (గోడ అడుగున వేసే పట్టీ) సరిపోతాయి. ఈ లెక్క ఇంటివాళ్లకు ముందే చెప్పగలిగిన రోజున మీవాడు హెల్పర్ కాదు.

బాత్రూంలో వాటం (నీళ్లు పోయే వాలు) మీటరుకు 10–12 మి.మీ. ఉండాలి. చివర్లో టైల్ వంచి సర్దడం కాదు, టైల్ కింద పరిచే మాలు బెడ్‌లోనే తీయాలి.

మోకాళ్లకు ప్యాడ్లు, కోసేటప్పుడు ఎన్95 మాస్కు తప్పనిసరి. ఆ దుమ్ములో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తులను శాశ్వతంగా దెబ్బతీస్తుంది. గత 12 నెలల్లో 90 రోజుల పని పూర్తవగానే భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేయించండి.

గల్ఫ్ సంగతి రెండు మూడేళ్ల పని తర్వాత చూడొచ్చు. పాస్‌పోర్టు దరఖాస్తుకు పది మెమో జత చేయండి, ఈసీఎన్ఆర్ వస్తుంది. అప్పుడు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ (పనికి విదేశం వెళ్లేముందు ప్రభుత్వం కాంట్రాక్టు చూసి ఇచ్చే అనుమతి) అక్కర్లేదు. అందుకే కాంట్రాక్టును జాగ్రత్తగా చదువుకోవాల్సింది మీరే: జీతం, వసతి, పని పేరు. ఏజెంటుకు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో లైసెన్సు ఉందో లేదో చూడండి. వాళ్లు తీసుకోదగ్గ గరిష్ఠ సర్వీసు ఛార్జి 30,000 రూపాయలు, పైన జీఎస్టీ. విజిట్ వీసా మీద పంపుతామంటే ఒప్పుకోకండి.