రుద్రమదేవి ‘పాలించింది’, దుర్గాబాయి ‘స్థాపించారు’: ఏది ఒప్పు?

సందేహం: మా అమ్మాయి స్కూలు వ్యాసంలో ‘రుద్రమదేవి ఓరుగల్లును పాలించింది’ అనీ, ‘దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఆంధ్ర మహిళా సభను స్థాపించారు’ అనీ రాసింది. రాణిగారికి ‘ది’, సంఘసేవికకు ‘రు’ ఏమిటని టీచరు మార్కులు తగ్గించారు. పనిలో పని, మహిళను ‘రాష్ట్రపతి’ అనవచ్చా?

సమాధానం: మీ అమ్మాయి రాసిన రెండూ ఒప్పే.

తెలుగులో ఏకవచనంలో ఆమె వచ్చింది, ఆవు వచ్చింది, బస్సు వచ్చింది. అన్నిటికీ ఒకటే క్రియ. బహువచనంలో మాత్రం ఆడవాళ్లు మగవాళ్లతో కలిసి ‘వచ్చారు’, ఆవులు ‘వచ్చాయి’. అందుకే ‘వచ్చింది’ అనగానే కొందరికి మర్యాద తగ్గినట్టు తోస్తుంది. ‘అమ్మ వచ్చింది’ అనేటప్పుడు మాత్రం ఎవరికీ అలా తోచదు!

పాతకాలపు రాజులకు చరిత్ర పుస్తకాల్లో ఎక్కువగా ఏకవచనమే వాడుక. గణపతిదేవుడు ‘పాలించాడు’ అన్నాక ఆయన కూతురు ‘పాలించింది’ అనడమే సమం. తండ్రికి ‘పాలించారు’, కూతురికి ‘పాలించింది’ అని రాసి ఉంటే నేనూ ఎర్రసిరా తీసేవాణ్ణి.

దుర్గాబాయి మనకు దగ్గరి కాలం మనిషి. ఇలాంటి పెద్దలకు ఆడా మగా తేడా లేకుండా ‘రు’ వాడతాం. ఆమె 1937లో మద్రాసులో మహిళా సభను స్థాపించారు, రాజ్యాంగ సభలో సభ్యురాలిగా ఉన్నారు, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలయ్యారు. కానీ 1923 కాకినాడ కాంగ్రెస్ నాటి ముచ్చట రాయాల్సి వస్తే? ఖద్దరు ప్రదర్శన గేటు దగ్గర వాలంటీరుగా నిలబడి, టికెట్ లేదని నెహ్రూనే ఆపేసినప్పుడు ఆమెకు పద్నాలుగేళ్లు. అక్కడ ‘ఆ పిల్ల ఆపేసింది’ అంటేనే కథ రుచి. ‘ఆపేశారు’ అంటే ఎవరో పెద్ద అధికారిణి అనుకుంటాం.

ఇక రాష్ట్రపతి. ఇలాంటి చిక్కు రుద్రమదేవి నాటికే ఉంది. శాసనాలు చాలాచోట్ల ఆమెను ‘రుద్రదేవ మహారాజు’ అంటాయి. మహారాణి అంటే రాజుగారి భార్య అనే అర్థమే ముందు స్ఫురిస్తుంది కదా, సింహాసనం తనదే అయిన ఆమెకు ‘మహారాజు’ బిరుదే సరిపోయింది. పదవి పేరుకు ఆడ మగ అంటగట్టనక్కర్లేదు. మంత్రి, గవర్నర్, కలెక్టర్ అన్నవి ఎవరికైనా ఒకటే. అధ్యక్షురాలు, సభ్యురాలు వంటివి వాడుకలో పాతుకుపోయాయి కాబట్టి వాటిని కదపక్కర్లేదు.

సంస్కృతం ప్రకారం ‘రాష్ట్రపత్ని’ కావాలి కదా అని వాదించేవాళ్లు ఉన్నారు. ముందు మరో పదం చేరినప్పుడు ‘పతి’ స్త్రీకి అలాగే ఉండవచ్చు, ‘పత్ని’ కావచ్చు అని పాణిని రెండు దారులూ ఇచ్చాడు. ఇంటి యజమానురాలిని గృహపతి అనవచ్చు, గృహపత్ని అనీ అనవచ్చు. మన చెవికి మాత్రం పత్ని అంటే భార్యే. 2022లో ద్రౌపదీ ముర్మును ఒక నాయకుడు అలా అన్నందుకే పార్లమెంటులో అంత గొడవయింది. కాబట్టి ‘రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము ప్రసంగించారు’ అని నిక్షేపంగా రాయమనండి. మార్కుల సంగతి మాత్రం టీచరుగారితో మీరే మాట్లాడుకోవాలి.