ఆబ్సెంట్ వేసే ముందు

అమ్మలూ,

కవిటి మండలంలో పోస్టింగ్ వచ్చిందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం. పాఠం ఎలా చెప్పాలో డీఎడ్‌లో నేర్పారు కాబట్టి దాని జోలికి పోను.

ఉద్దానంలో పనిచేసినప్పుడు నా దగ్గర ఐదో తరగతి గుంటడొకడు ఉండేవాడు. రోజూ ఆలస్యం. వచ్చినా కునికిపాట్లే. ఓ రోజు కోపమొచ్చి అరచేతి మీద బెత్తంతో రెండు వేశాను. వాడు ఏడవలేదు. సాయంత్రం మనసాగక వాళ్లింటికి వెళ్లాను. తండ్రి కిడ్నీ జబ్బుతో మంచం మీద ఉన్నాడు. తల్లి తెల్లారకముందే జీడిపిక్కల పనికి పోతే, తమ్ముడికి గంజి పోసి బడికి తెచ్చేది వీడే. సెలవు రోజుల్లో తనూ పిక్కలు కొట్టేవాడు. అరచేతుల నిండా జీడి సొన కాల్చిన మచ్చలు. నేను కొట్టింది ఆ చేతి మీద. ఇప్పటికీ తలుచుకుంటే నాకు అన్నం దిగదు.

విద్యాహక్కు చట్టం 2010 నుంచి అమల్లో ఉంది. పిల్లల్ని కొట్టకూడదు, మాటలతో హింసించకూడదు అని దాని 17వ సెక్షన్ చెబుతుంది. చట్టం లేకపోయినా నువ్వు కొట్టొద్దు. మూడు రోజులు రాని పిల్ల ఇంటికి నువ్వే వెళ్లు. ఏమైందని క్లాసులో నలుగురి ముందూ అడక్కు, మధ్యాహ్న భోజనం దగ్గర పక్కన కూర్చుని అడుగు. సంక్రాంతి తర్వాత వలస పోయే కుటుంబాలుంటే ముందే కనుక్కుని, పిల్లల్ని నానమ్మ దగ్గరో సీజనల్ హాస్టల్లోనో ఉంచేలా ఒప్పించు.

ఇంకొకటి, ఇది తప్పకుండా గుర్తుంచుకో. ఏ పిల్లైనా ‘ఎవరికీ చెప్పకండి టీచర్’ అంటే చెప్పనని మాటివ్వకు. ‘నీకు సాయం చేయగలిగినవాళ్లకే చెబుతాను’ అను. పిల్ల మీద ఎవరైనా లైంగికంగా చెయ్యి వేశారని తెలిస్తే, పిల్లల మీద లైంగిక నేరాలకు సంబంధించిన 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. దాచితే శిక్ష మనకే. బడి పరువు పోతుందని, ఊరి పెద్దల దగ్గర సర్దుకుందామని అనేవాళ్లు ఉంటారు. వినకు. దారి తోచకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యి. ఆ పిల్ల పేరు మాత్రం స్టాఫ్‌రూమ్‌లో కూడా ఎత్తకు.

వచ్చే ఆదివారం వస్తావుగా, నీ తరగతి పిల్లల పేర్లు ఓ కాగితం మీద రాసి తీసుకురా. ముందు ఎవరింటికి వెళ్లాలో ఇద్దరం కూర్చుని చూద్దాం.

మీ మావయ్య,
టెక్కలి