అడుగుర్రి చెప్త: బర్రె గడియారం, నాయిన టార్చిలైటు, పాల బిల్లు

ఈ నెల ఉత్తరాలకంటే వాట్సప్‌ల వాయిస్ మెసేజులే ఎక్కువొచ్చినయి, ఒకాయన మెసేజ్‌ల అయితే ఆయన మాటకంటే ఎనుక ఉన్న కోళ్ళ లొల్లే ఎక్కువ ఇనిపించింది. అన్నిటికీ జవాబు రాయాలంటే పుస్తకం సరిపోదు, పదిమందికి పనికొచ్చేటియి ఏరిన. నేను చదువుకున్న సైంటిస్టును కాదు, నల్గొండ దిక్కు ఆరెకరాలు, మూడు బర్రెలు, జరంత బత్తాయి తోట ఉన్న మనిషిని, చేసి చూసిందే రాస్తున్న.

అక్కా నమస్తే. మాది కల్వకుర్తి దిక్కు. హైదరాబాద్‌ల ఆరేండ్లు ప్రైవేటు జాబ్ చేసి పోయిన ఉగాదికి ఊరికి వచ్చేసిన. నాలుగెకరాలు, రెండు ముర్రా బర్రెలు. ఎన్నింటికి లేసినా పని నా ముందట్నే ఉర్కుతుంది, నేను ఎనుకబడుతున్న. పైంగ డైరీల ఫ్యాట్ తక్కువొస్తుంది, నీళ్ళు గిట్ల కలుపుతున్నవా అని పాలు తీసుకునేటాయన అందరి ముందల అడిగిండు, మస్తు బాధైంది. రోజును ఎట్ల సర్దుకోవాలె?

తమ్మీ, నువ్వు నీళ్ళు కలుపుతలేవని నేను నమ్ముత, ఎందుకంటే ఆ మాట నేను కూడ పడ్డ. ముందుగాల ఫ్యాట్ సంగతి చెప్త, అది సమజైతే సగం రోజు దానంతటదే సర్దుకుంటది.

పొదుగుల నుంచి ముందుగ వచ్చే పాలు పలచన, వెన్న ఎక్కువ కడపటి పాలల్లనే ఉంటది. నువ్వు ముందు పిండుకొని, ఆఖరుకు "పాపం దూడ" అని ఇడుస్తున్నవనుకో, వెన్న దూడ కడుపుల పడుతది, పలచటియి నీ క్యానుల పడుతయి. నేనేం చేస్తనంటే దూడకు దాని వాటా ముందల్నే తాపిచ్చి కట్టేస్త, అటెన్క ఆఖరు చుక్క దాక పిండుకుంట. దూడను కడుపు మాడ్చుమని చెప్తలేను, అర్థం చేసుకో, దాని వంతు దానికి ముందు ఇయ్యి అంటున్న. ఇంకోటి, పొద్దటి పాలు ఎక్కువ, ఫ్యాట్ తక్కువ, మాపటి పాలు తక్కువ, ఫ్యాట్ ఎక్కువ. రాత్రి గడువు పొడుగు కదా, అందుకే అట్ల. నువ్వు మాపటికి మూడింటికే పిండుతున్నవంటే రాత్రి గడువు ఇంకా సాగుతది. క్యాను కాసేపు ఆగితే మీగడ పైకి తేలుతది, అందుకని శాంపిల్ తీసే ముందు గరిటతోటి బాగ కలిపి తియ్యమను, అడుగుడుల తప్పేం లేదు.

ఇగ పొద్దుగాల ముచ్చట. నువ్వు లేస్తనే మోటరు కాడికి ఉర్కుతున్నవని నాకు అనుమానం, కొత్తల అందరు గదే చేస్తరు. బోరు ఆగుతది గని బర్రె ఆగదు. నేను నాలుగున్నరకు లేస్త, ముందు పెండ తీసి కాళ్ళ కింద కడుగుత, పొదుగును గోరెచ్చటి నీళ్ళతోటి కడిగి పొడి గుడ్డతోటి తుడుస్త, అప్పుడు దూడను ఇప్పుత. దూడ తలకాయతోటి నాలుగు గుద్దులు గుద్దంగనే బర్రె కండ్లు సగం మూస్తది, చనుకట్లు బిర్రుగ నిండుతయి, అదే చేపుడంటే. ఆ చేపు అయిదారు నిమిషాలకంటే నిలువదు. గా టైంల ఫోన్ మోగిందని లేసినవా, మిగిలినయి ఎగపట్టుకుంటది, ఇగ ఎంత గుంజినా రావు. పాలు చేపనీకి ఇచ్చే ఆక్సిటోసిన్ సూది మాత్రం ఎవడు చెప్పినా ముట్టకు, బర్రె పాడైతది, చట్టం కూడ ఒప్పుకోదు.

పిండినంక దాణా పెట్టు, ముందు కాదు. ఎందుకంటావు? పిండిన తర్వాత ఒక అరగంట దాక చన్ను రంధ్రం మూసుకోదు. అప్పుడే బర్రె పెండల పండుకుంటే పొదుగువాపు వచ్చుడే. దాణా ముందట ఉంటే తినుకుంట నిలబడే ఉంటది, అంతే కిటుకు. నాకు ఈ కిటుకు తెల్వక పదిహేనేండ్ల కింద మా మంచి బర్రెకు ఒక చన్ను ఎండిపోయింది, దినాం మూడు లీటర్లు తగ్గినయి, ఇప్పటికీ గుర్తొస్తే మనసు గుంజుతది.

ఆ మబ్బులనే ఇంకోటి చూసుకోవాలె. బర్రెది మూగ ఎద, ఆవు లెక్క అరిచి చెప్పదు. తెల్లారుగట్ల తోక కింద తీగలెక్క జిగురు కనవడ్తే ఎదకొచ్చినట్టే, పొద్దుగాల చూస్తే మాపటికి చూలు కట్టే సూది ఏపియ్యాలె, మాపటికి చూస్తే తెల్లారి. తప్పిపోతే మళ్ళ 21 రోజులు ఎదురుచూసుడు, ఆ 21 రోజుల మేత నీ జేబుల నుంచే పోతది.

ఆరింటికి పాలు పోసొచ్చినంక సద్ది తిని చేనుకు పో, పదకొండు దాక ఎంతైతే అంత, మళ్ళ మూడు దాటినంకనే. నడుమ ఎండల ఏం పీకలేవు, నీడకు గడ్డి కోసుకో, తాళ్ళు పేనుకో, పండుకో. ఆఫీసుల లెక్క తొమ్మిది నుంచి ఆరు అని పెట్టుకున్నవంటే నీకంటే ముందు బర్రెలే రాజీనామా ఇస్తయి.

మాది దేవరకొండ కాడ తండా. నాయినకు 62 ఏండ్లు. 24 గంటల కరెంటు ఉన్నా రాత్రి ఒంటిగంటకు లేసి చెప్పుల్లేకుంట బోరు కాడికి పోతడు. ఎంత చెప్పినా ఇనడు. నేను సిటీల ఉంట, నిద్ర పడ్తలేదు అక్కా.

బిడ్డా, మీ నాయినది మొండితనం కాదమ్మా, అలవాటు. 2018 జనవరి 1 నుంచి 24 గంటల కరెంటు ఇచ్చిర్రు గని, అంతకుముందు ఎన్నేండ్లు మనం రాత్రి కరెంటుకు బతికినం? ట్రాన్స్‌ఫార్మర్ గుయ్యిమనంగనే ఊరంత టార్చిలైట్లు లేసేటియి, ఎవల మడి ముందు తడుస్తదో అని ఉర్కులాట. ఒంటిగంటకు మెలకువ వచ్చుడు ఆయన ఒంట్లకు దిగిపోయింది. మా ఇంటాయన కూడ గంతే, ఇప్పటికీ రాత్రి లేసి కూసొని "కరెంటొచ్చిందా" అంటడు, ఫ్యాను నెత్తి మీదనే తిరుగుతుంటది.

పోవద్దని చెప్తే ఇనడు కాబట్టి, పోయేటప్పుడు ఏం కావాలెనో అది చెయ్యి. సెల్ ఫోన్ తోటి మోటరు ఆన్ ఆఫ్ చేసే స్టార్టరు దొరుకుతుంది, అది పెట్టియ్యి. పాత ఆటో స్టార్టరు అయితే వద్దు, కరెంటు పోయి వచ్చినప్పుడు ఊర్ల మోటర్లన్నీ ఒక్కసారే లేస్తయి, ట్రాన్స్‌ఫార్మర్ కాలుతది, డిపార్ట్‌మెంటు వాళ్ళు కూడ తీసేయమనే చెప్తుర్రు. స్టార్టరు ఇనుప డబ్బాల ఉందా చూడు, దానికి ఎర్తింగ్ లేకుంటే వానకాలంల అదే యముడు. గుంత తీసి బొగ్గు, ఉప్పు పోసి ఎర్తింగ్ కడ్డీ పాతిపియ్యి, ఎండకాలంల దాంట్ల నీళ్ళు పోస్తుండాలె. డబ్బా కింద ఒక మందపాటి చెక్క, పక్కన ఒక పొడి కట్టె.

పాము ముచ్చట కూడ ఈ జవాబులనే చెప్త. మోకాళ్ళ దాక వచ్చే రబ్బరు బూట్లు కొనియ్యి, నాయినకు అని ఇస్తే ఏసుకోడు, "ఆఫీసుల ఫ్రీగ ఇచ్చిర్రు" అని ఇయ్యి. రక్తపింజర గడ్డిల చుట్ట చుట్టుకొని పండుకుంటది, మీద కాలు పడ్డంకనే తెలుస్తది. కట్లపాము ఇంకా మోసం, రాత్రి కరిస్తే నొప్పి కూడ సక్కగ తెల్వదు, పొద్దుగాలకల్ల రెప్పలు వాలిపోతయి, అందుకని చీమ కుట్టిందేమో అని పండుకునుడు వద్దు. కరిస్తే కోసుడు, పీల్చుడు, తాడుతోటి బిర్రుగ కట్టుడు ఏదీ వద్దు, కాలు కదలకుంట పండుకోబెట్టి 108కు ఫోన్ కొట్టి, పాము మందు ఉన్న దవాఖానకు తీస్కపోవాలె. మంత్రం ఏసేటాయన ఇంటికి పోయిన గంట మళ్ళ తిరిగి రాదు. మా ఊర్ల ఒకాయనను అట్లనే పోగొట్టుకున్నం, ఇంకా ఎక్కువ రాయబుద్ధి అయితలేదు.

నకిరేకల్ దిక్కు బత్తాయి తోట, పదేండ్ల చెట్లు. మొదట్ల పట్ట పగిలి బంక కారుతుంది, ఒక పక్క కొమ్మలు ఎండుతున్నయి. ఏ మందు కొట్టాలె?

అన్నా, మందు తర్వాత, ముందు పాది చూడు. నీళ్ళు మొదలుకు తాకుతున్నయి కదా? అదే రోగం. మొదలు చుట్టు మట్టి ఎగేసి, దాని బయట ఇంకో పాది తియ్యి, నీళ్ళు ఆ బయటి పాదిలనే ఉండాలె. బంక కారే కాడ పట్టను కత్తితోటి మంచిగ చెక్కి, బోర్డో పేస్టు పుయ్యి. కిలో మైలుతుత్తం అయిదు లీటర్లల్ల, కిలో సున్నం ఇంకో అయిదు లీటర్లల్ల, ప్లాస్టిక్ బకెట్లల్లనే కలుపు, ఇనుపది వద్దు, రెండూ ఒక్కసారి పోసుకుంట కలుపు. అండ్ల చాకు ముంచి తీసి చూడు, చాకు మీద ఎర్రటి తుప్పు లెక్క పట్టిందంటే సున్నం చాల్తలేదన్నట్టు. ఆ రోజు కలిపింది ఆ రోజే అయిపోవాలె. వానల ముందు ఒకసారి, వానలు పోయినంక ఒకసారి.

మిర్యాలగూడ దగ్గర. యాసంగి వడ్లు కొనుగోలు సెంటర్‌కు తీస్కపోతే తేమ 19 అని వాపసు పంపిర్రు. మూడు రోజులు ఎండబోసినం అక్కా, ఇంకెట్ల ఎండబోయాలె?

17 శాతం దాటితే తీసుకోరు చెల్లె, అది రూలు. మిషన్‌తోటి కోసిన వడ్లల్ల 20 దాటే ఉంటది, అది ఎవరి తప్పూ కాదు. మూడు రోజులు ఎండబోసినం అన్నవు గని ఎంత మందం పోసిర్రు, ఎన్నిసార్లు తిప్పిర్రు అన్నది రాయలే. జానెడు మందం పోస్తే పైయి ఎండుతయి, కిందియి ఉడుకుతయి. మూడు వేళ్ళ మందం కంటే ఎక్కువ పోయకు, అరగంటకోసారి కాళ్ళతోటి సాల్లు సాల్లు తీసుకుంట నడువు. మాపటికి పొద్దు గూకక ముందే కుప్ప చేసి పట్ట కప్పు, లేకుంటే పగలు పోయిన తేమ రాత్రి మంచుతోటి మళ్ళ ఎక్కుతది, మీకు అయింది గదే అనిపిస్తుంది. పొద్దుగాల పట్ట తీసిన ఎంటనే పరుచొద్దు, నేల ఆరినంక పరువు. గింజ పంటి కింద ఏసుకుంటే కటుక్కుమనాలె, మెత్తగ నలిగితే సెంటర్‌కు ట్రాక్టరు కిరాయి దండుగ.

రోడ్డు మీద మాత్రం పొయ్యకుర్రి. ఒకసారి మేం పోసినం, పట్ట మీద పెట్టిన రాయి చీకట్ల కనవడక బండి మీద వచ్చిన పోరగాడు పడ్డడు, చెయ్యి ఇరిగింది. దవాఖాన ఖర్చు మేమే పెట్టుకున్నం, అది సరే, వాళ్ళమ్మ మా మొఖం చూసిన చూపు అయితే ఇప్పటిదాక మరువలే.

వీకెండ్‌ల వచ్చి పోయేటట్టు షాద్‌నగర్ కాడ ఎకరం తీసుకున్నం. రెండు ఆవులు పెడ్తే మెయింటెనెన్స్ ఎంతైతది మేడం?

సోమవారం పాలు ఎవలు పిండుతరు సార్? అది చెప్పుర్రి, అప్పుడు లెక్క రాస్త. అప్పటిదాక మామిడి చెట్లు పెట్టుకోర్రి, వాటికి ఆదివారం అయినా బుధవారం అయినా ఒక్కటే.

మాది మక్తల్ దగ్గర. మూడు బర్రెల పని అంత నేనే చేస్త. పాల బిల్లు మా ఆయన అకౌంట్ల పడుతది. పిల్లల ఫీజుకు అడిగితే "నువ్వేం పని చేస్తున్నవ్ ఇంట్ల కూసొని" అన్నడు. కోపంకంటే నవ్వొచ్చింది అక్కా, తర్వాత ఏడుపొచ్చింది.

చెల్లె, నీ ఉత్తరం రెండుసార్లు చదివిన. కొట్లాడకు, లెక్క రాయి. పదిరోజులు ఒక నోట్‌బుక్‌ల టైం ఏసి రాయి, పెండ తీసుడు ఎన్నింటికి మొదలు, ఎన్నింటికి అయిపోయింది, పిండుడు, గడ్డి కోసి మోసుడు, కుడితి పెట్టుడు, దూడలు, మాపటికి మళ్ళ ఇదే. నేను ఒకసారి రాసి చూసుకున్న, మూడు బర్రెలకు ఆరు గంటలు దాటింది, వంట అండ్ల లేదు. గడ్డి కొయ్య కూలికి పోతే మీ ఊర్ల దినానికి ఎంత ఇస్తరో అది పక్కన రాయి. ఆయనకు చదివి ఇనిపియ్యకు, నోట్‌బుక్ టీవీ రిమోట్ పక్కన పెట్టి ఊకో.

ఇంకో పని, ఇది నోట్‌బుక్ కంటే ముఖ్యం. మీ ఊరి పాల సొసైటీకి పోయి పాలు పోసేటోళ్ళ పేరు నీది రాయమను. పోసేది నువ్వే కాబట్టి నీ పేరున మెంబర్‌షిప్ అడిగే హక్కు నీకుంది, ఆధార్, నీ బ్యాంకు పాస్‌బుక్ జిరాక్స్ తీస్కపో. ఎట్లనన్న మహిళా సంఘంల అకౌంట్ ఉండే ఉంటది కదా. "మా ఆయనను అడిగి రా" అంటే ఒక్కదానివే పోకు, నీ లెక్కనే పాలు పోసే ఇద్దరు ముగ్గురిని ఎంబడి తీస్కపో, మా ఊర్ల గట్లనే పోయినం, పదకొండు మందిమి, ఒక్క రోజుల పదకొండు పేర్లు మారినయి. బర్రెలు ఎవల పేరున కొన్నరో, లోను ఉంటే దాని కిస్తు దేంట్ల నుంచి కడుతున్నరో ముందే చూసుకో, కిస్తు ఆగితే మళ్ళ లొల్లి నీ మీదికే వస్తది.

మొదటి బిల్లు నీ అకౌంట్ల పడ్డ రోజు నాకు ఒక మెసేజ్ పెట్టు. ఫ్యాట్ ఎంత వచ్చిందో కూడ రాయి, పైన కల్వకుర్తి తమ్మునికి చెప్పింది నీకు కూడ పనికొస్తది.