మారుతీ 800కి ఎస్టీమ్ ఇంజిన్: ఎఫ్‌డీ కదిలించాలా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. రైస్‌మిల్లులో అకౌంట్స్ చూస్తాను. జీతం 38 వేలు, ఇంటి ఖర్చు 28 వేలు. నాన్న 1998లో కొన్న ఏపీ 24 నంబరు మారుతీ 800 ఉంది. పొగ వస్తోంది, ఏసీ వేస్తే లాగట్లేదు. మారుతీవాళ్లదే పెద్ద కారు ఎస్టీమ్ ఇంజిన్, గేర్‌బాక్స్ దీనికి బిగించి 90 వేలకు ఇస్తానని మెకానిక్ అంటున్నాడు. 1.20 లక్షల ఎఫ్‌డీలోంచి 30 వేలు తీసి, మిగతా 60 వేలకు బంగారం కుదువ పెట్టొచ్చా?

జవాబు: వద్దండి. ఎఫ్‌డీ కదిలించకండి, బంగారం బయటికి తీయకండి. నాన్నగారి బండి నడవాలన్న మీ కోరిక న్యాయమైనదే. దానికి ఇంతకంటే తక్కువ ఖర్చులో దారి ఉంది.

ఆ 90 వేలు ఇంజిన్ కూర్చోబెట్టడానికే. మీ 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజిన్ ఇచ్చే శక్తి 40 బీహెచ్‌పీ (హార్స్‌పవర్) లోపే. తర్వాత వచ్చిన ఎంపీఎఫ్‌ఐ (కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోలు అందించే) ఎస్టీమ్‌ది 1298 సీసీ, నాలుగు సిలిండర్లు, 85 బీహెచ్‌పీ. అంత శక్తిని ఆపడానికి పాత బ్రేకులు చాలవు. పెద్ద డిస్కులు పెట్టాలంటే 12 అంగుళాల చక్రాల్లో చోటుండదు, చక్రాలు, టైర్లు కూడా మార్చాల్సిందే. ఇంజిన్ వెడల్పు పెరిగింది కాబట్టి దాన్ని పట్టి ఉంచే మౌంట్లు కొత్తగా వెల్డింగ్ చేయాలి, రేడియేటర్ జరపాలి. ఆ పని అరకొరగా చేస్తే మే నెల ఎండల్లో నార్కట్‌పల్లి చేరేలోపే టెంపరేచర్ ముల్లు పైకెక్కుతుంది. ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్), వైరింగ్, ట్యాంకులో పంపు, రిటర్న్ పైపు లెక్క వేరు. మరో 50 వేలు చేతిలో లేకుండా ఈ పనికి దిగకూడదు. సగంలో ఆగిన బండికి పాత సామాన్ల ధర కూడా రాదు.

అంతకంటే పెద్ద చిక్కు కాగితాలది. కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే తేల్చింది. అదే చట్టం 182ఏ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు 5,000 జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. ఐదేళ్లకోసారి చేయించే ఆర్‌సీ రెన్యువల్ మీకు మళ్లీ 2028లో వస్తుంది. ఆ రోజు ఇన్‌స్పెక్టర్ ముందుగా చూసేది ఇంజిన్ నంబరే. ఇన్సూరెన్సూ చిక్కే. థర్డ్ పార్టీ ప్రీమియం 1000 సీసీ లోపు 2,094, అది దాటి 1500 వరకు 3,416. 796 అని రాయించి 1298తో తిరిగితే, ప్రమాదం జరిగిన రోజు కంపెనీకి మీరే సాకు అందించినట్టు. అవతలివాళ్ల పరిహారం మీ మెడకు చుట్టుకుంటే పోయేది 90 వేలు కాదు, ఇల్లు.

ముందు కంప్రెషన్ టెస్ట్ (సిలిండర్లలో ఒత్తిడి చూసే పరీక్ష) చేయించండి. ఇంజిన్ వేడెక్కాక మూడు ప్లగ్గులూ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, ఒక్కో సిలిండర్‌కు గేజ్ పెట్టి సెల్ఫ్ కొట్టాలి. సిలిండర్ల మధ్య తేడా 1 కేజీ దాటకూడదు. తక్కువ చూపిన దాంట్లో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. రీడింగ్ పెరిగితే రింగులు అరిగాయి, పెరగకపోతే వాల్వులు. వాల్వులైతే హెడ్ దించితే చాలు, సిలిండర్లు తొలిపించే బోరింగ్ దాకా పోనక్కర్లేదు. ఈ ఒక్క పరీక్షతో మీ ఖర్చు సగానికి తగ్గొచ్చు.

పూర్తి ఓవర్‌హాలే అయినా 35 వేలు దాటనివ్వకండి. పిస్టన్లు, రింగులు, బేరింగులు, గాస్కెట్ సెట్, టైమింగ్ బెల్టు, వాటర్ పంపు, లేబర్ విడివిడిగా రాయించుకోండి. ఇప్పుడు బంకుల్లో దొరికేది ఇ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలు కాబట్టి కార్బురేటర్ కిట్, ఫ్యూయల్ పంపు, రబ్బరు పైపులు అదే విడతలో మార్పించండి. బ్లాక్ పగిలి ఉంటే అదే రకం 800 ఇంజిన్ తెచ్చుకుని, ఆర్టీఓ అనుమతితో కొత్త నంబరు ఆర్‌సీలో ఎక్కించుకోవచ్చు. దాని కొనుగోలు బిల్లు మాత్రం పోగొట్టుకోవద్దు.

ఇక డబ్బు. ఆరు నెలల ఇంటి ఖర్చు 1.68 లక్షలు. మీ ఎఫ్‌డీ దానికే 48 వేలు తక్కువ. నెలకు మిగిలే 10 వేలలో 5 వేలు బ్యాంకులో ఏడు నెలల ఆర్‌డీ కట్టండి, 35 వేలు చేతికొస్తాయి. మిగతా 5 వేలు పది నెలలు ఎఫ్‌డీ లోటు పూడ్చడానికి. కుదువ పెడితే నూటికి రూపాయి మిత్తి అనుకున్నా 60 వేలకు ఏడాదికి 7,200 పోయేది. 2028 రెన్యువల్‌కు మాత్రం ఆర్‌డీ ముగియగానే కొంత పక్కన పెట్టడం మొదలుపెట్టండి. 20 ఏళ్లు దాటిన కారుకు ఫీజే 10 వేలు, గ్రీన్ ట్యాక్స్ అదనం.