హాస్టల్లో శిక్షణ గురించి మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి అత్త ఆశీస్సులు.

మీ కాలేజీలో మానసిక ప్రథమ చికిత్స శిక్షణ పెట్టించే బాధ్యత నీకు అప్పగించారని తెలిసి చాలా సంతోషించాను. ఈ విశాఖలోనే ఎన్నో ఏళ్లు హాస్టల్ వార్డెన్‌గా చేసినదాన్ని కాబట్టి నాకు తోచింది రాస్తున్నాను, తల్లీ.

ముందు ఎవరిని కూర్చోబెడతావో చూసుకో. లెక్చరర్లు ఒక్కళ్లే చాలరు. ఓ పిల్ల రెండు పూటలుగా అన్నం కెలికి వదిలేస్తోందని మెస్‌లో వడ్డించే ఆవిడకి తెలుస్తుంది. రాత్రి రెండింటికి కూడా వరండాలో పచార్లు చేస్తున్న కుర్రాణ్ని వాచ్‌మన్ చూస్తాడు. బోధనేతర సిబ్బందితో సహా అందరికీ ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలని 2025 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు మన ఊరికి చదువుకోవడానికి వచ్చి ప్రాణం పోగొట్టుకున్న పదిహేడేళ్ల అమ్మాయిది. ఎవరైనా అడ్డు చెబితే ఆ తీర్పు కాపీ ముందు పెట్టు.

ఈ మానసిక ప్రథమ చికిత్స 2000లో ఆస్ట్రేలియాలో మొదలైన పద్ధతి. జబ్బు పేరు తేల్చడం, మందులు చెప్పడం ఇందులో ఉండవు. గమనించాలి, పలకరించాలి, వినాలి, సాయం అందే చోటికి చేర్చాలి. కష్టమల్లా వినడంలోనే. ఎదుటివాళ్లు నోరు తెరవగానే 'ఇంత మాత్రానికే టెన్షన్ ఎందుకు, ధైర్యంగా ఉండు' అనేస్తాం. అందుకే స్లైడ్లు తగ్గించి, ఇద్దరిద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టు. ఒకరు చెప్పాలి, రెండోవారు సలహా ఇవ్వకుండా వినాలి. కాసేపటికే ఇబ్బంది పడతారు. ఆపకు, కానివ్వు.

సూటి ప్రశ్న అడగడం కూడా నేర్పించు. 'చచ్చిపోవాలనిపిస్తోందా?' అనడానికి చాలామందికి నోరు రాదు. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని భయం. అలా పుట్టదు. చాలామందికి అడిగేవాళ్లు దొరికారన్న ఊరటే కలుగుతుంది. 'పిచ్చి ఆలోచనలేం లేవు కదా?' అంటే మాత్రం 'లేవండి' అనే జవాబే వస్తుంది. కాబట్టి ఆ సూటి ప్రశ్నని ప్రతి ఒక్కరి చేతా పైకి అనిపించు.

అవునంటే ఒంటరిగా వదలకూడదు. ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకూడదు. పక్కనే కూర్చుని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయించాలి. రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు. అపాయం దగ్గర్లోనే ఉందనిపిస్తే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మన వాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. దాని పేరెత్తి ఎగతాళి చేసేవాళ్లు ఇంకా ఉన్నారు. శిక్షణకి ఒక డాక్టర్నో నర్సునో అక్కణ్నించే పిలిపించు. మనిషిని చూసి, మాట విన్నాక ఆ బెరుకు కొంత పోతుంది.

ఇంకొకటి. ఓ పిల్ల బాధంతా విని ఇంటికెళ్లిన మెస్ ఆవిడకి ఆ రాత్రి నిద్ర పట్టదు. మర్నాడు ఆవిడ ఎవరితో చెప్పుకోవాలో మీ కౌన్సెలర్‌తో మాట్లాడి ముందే తేల్చిపెట్టు. మొదటి విడత సెమిస్టర్ పరీక్షలకి ముందే అయిపోవాలి. ఫలితాలు వచ్చే రోజుల్లో శిక్షణ పొందినవాళ్ల అవసరం ఎక్కువ.

ఇట్లు,
మీ అత్త